ఎడారి కవరు

నాకు పచ్చదనం అంటే విసుగు. నర్సరీల ఊరు కడియంలో ఉంటూ ఈ మాట పైకి అనకూడదని నాకూ తెలుసు. అయినా చాలాసార్లు అన్నాను. పంతొమ్మిదేళ్ళు నర్సరీలో బిల్లులు రాసినదాన్ని, నాకు ఆ మాత్రం హక్కు ఉంది. పొద్దున్నే ఆఫీసు గది తాళం తీసేసరికి ఎదురుగా మొక్కలు, వెనకాల మొక్కలు, బల్ల మీద ఎవరో మర్చిపోయిన మొక్కలు. కుర్చీ లాక్కుంటే దాని కాలికి ఏదో తీగ చుట్టుకుని ఉంటుంది. ఇంటికొస్తే పెరట్లో అరటి, గేటు మీద కాగితం పూలు, రోడ్డు దాటితే కాలవ, కాలవ దాటితే వరి. ఎక్కడ చూసినా ఏదో ఒకటి మొలకెత్తడమో, పూయడమో, మనల్ని నీళ్ళు అడగడమో చేస్తూ ఉంటుంది. కళ్ళకి ఒక్క పూటైనా సెలవు ఉండదు.

నేను బిల్లులు రాసిన మొక్కలు లారీలెక్కి నాగపూర్ వెళ్ళాయి, అహ్మదాబాద్ వెళ్ళాయి, జోధ్‌పూర్ వెళ్ళాయి. నేను మాత్రం అన్నవరం దాటలేదు. ఒకసారి రాజస్థాన్ నించి తిరిగొచ్చిన లారీ డ్రైవరు తన ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. కింద ఇసుక, పైన ఆకాశం. నేను ఆ ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి మూలమూలా వెతికాను. ఒక్క ఆకు కనిపించలేదు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఆ ఫొటో నా ఫోన్‌కి పంపించుకుని, ఎప్పటికైనా అక్కడికి వెళ్ళాలని ఆ రోజే అనుకున్నాను.

అనుకోవడమే గాని, ఎవరితో చెప్పినా నవ్వుతారని నోరు విప్పలేదు. నోరు విప్పే అవకాశం మా ఆయన తెచ్చాడు. ఆయన బస్సు కండక్టరు. ఒకరోజు డిపోలో ఎవరో వచ్చి డబ్బు పొదుపు గురించి గంటసేపు మాట్లాడారట. జీతం రాగానే ఖర్చులు తీసేసి మిగిలింది దాచుకోవడం కాదు, జీవితంలో ఏం కావాలో ముందు రాసుకుని, దానికి పక్కన పెట్టి, మిగిలినదాంతో బతకాలని చెప్పారట. మా ఆయన ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా నన్నూ, వాళ్ళమ్మనీ భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

"మీకేం కావాలో చెప్పండి" అన్నాడు, టికెట్ ఎక్కడికని అడిగినట్టు.

మా అత్తయ్యగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "విమానం ఎక్కాలి. హైదరాబాద్ దాకా చాలు. వచ్చేటప్పుడు రైల్లో వచ్చేద్దాం" అంది. డెబ్బై రెండేళ్ళ మనిషి ఈ జవాబు ఎన్నాళ్ళనించి సిద్ధంగా పెట్టుకుందో.

మా ఆయనకి పడుకునే కుర్చీ కావాలట. మీట నొక్కితే వెనక్కి వాలి, కాళ్ళు పైకి లేపే రకం. ఇరవై ఏళ్ళు బస్సులో నిలబడ్డ కాళ్ళకి అది న్యాయమే.

"ఎడారి చూడాలి" అన్నాను నేను.

"డబ్బులిచ్చి ఇసుక చూడ్డానికి వెళ్తావా? గోదాట్లో లేదా ఇసుక?" అంది అత్తయ్యగారు.

"గోదాట్లో నీళ్ళు కూడా ఉన్నాయి కదండీ" అన్నాను. నా ఎడారి మంజూరైపోయింది.

డబ్బు విడివిడిగా పెట్టడానికి మా ఇంట్లో ఉన్నవి పెళ్ళి కవర్లే. మాఘమాసంలో వరసపెట్టి పెళ్ళిళ్ళు వస్తాయని రాజమండ్రిలో పాతిక కవర్ల కట్ట ఒకేసారి కొనేస్తాం. బంగారు రంగు, పైన వినాయకుడు, మూలన అంటించిన రూపాయి బిళ్ళ. బియ్యానికొకటి, పాలకొకటి, గ్యాసుకొకటి, కాకినాడ హాస్టల్లో ఉన్న మా అమ్మాయి ఫీజుకొకటి, మందులకొకటి, శుభకార్యాలకొకటి. ఆ తరవాత విమానం, కుర్చీ, ఎడారి. బ్యాంకులో వేసుకోవచ్చుగా అనకండి. బ్యాంకులో ఉన్న డబ్బు మా ఆయన ఫోన్‌లోంచి ఎటు పోతుందో ఆయనకే తెలీదు.

మొదట్లో కవర్ల మీద పేర్లు రాశాం. వచ్చేపోయేవాళ్ళు చూస్తే బాగోదని అత్తయ్యగారు గొడవ పెట్టింది. అందుకని కవర్లు మార్చి, పైన ఏమీ రాయకుండా లోపల చీటీలు పెట్టాం. రెండో నెలలోనే మా ఆయన నా కవర్లోంచి మూడు వందలు తీసి ఫోన్ రీఛార్జి చేయించుకున్నాడు. నేను చీటీ మార్చాను. "ఎడారి. ఇందులో చెయ్యి పెట్టినవాళ్ళ సంగతి చూస్తాను" అని రాశాను.

ఆ రోజుల్లో నాకు ఒళ్ళు తెలీని హుషారుగా ఉండేది. నర్సరీకి ఆటో మానేసి నడిచాను. జాకెట్లు నేనే కుట్టుకున్నాను, ఒక చెయ్యి పొడుగ్గా ఒక చెయ్యి పొట్టిగా వచ్చినా వేసుకు తిరిగాను. ఆదివారం బిర్యానీ పార్సిల్ మాన్పించాను. నేను నడిచిన ప్రతి కిలోమీటరూ రాజస్థాన్ వైపే అనుకునేదాన్ని. రెండేళ్ళు తిరిగేసరికి కవర్లో ముప్పై ఒక్క వెయ్యి ఐదు వందలు పోగయ్యాయి. అన్నీ ఐదువందల నోట్లే. ఇంకో మూడు వేలు పడితే టికెట్లు కొనెయ్యొచ్చు.

సరిగ్గా అప్పుడు సామర్లకోటలో పెళ్ళి వచ్చింది. మా ఆయన బస్సుకి పదకొండేళ్ళు డ్రైవరుగా ఉన్నాయన కూతురి పెళ్ళి. ఆయన నన్ను చెల్లెమ్మా అంటాడు, మా ఆయన్ని బావా అంటాడు. బంధువులకంటే ఎక్కువే. వెయ్యి నూట పదహార్లు చదివించాలని శుభకార్యాల కవర్లోంచి డబ్బు తీశాను.

ఇక్కడ కండక్టరు ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో పెళ్ళికిచ్చే కవరు ఎప్పుడూ లావుగా ఉంటుంది. చిల్లర పోగేసి పెట్టుకోవడం మా ఆయన అలవాటు. వెయ్యి రూపాయలంటే ఇరవైలూ పదులూ కలిపి డెబ్బై నోట్లు పైనే. మా కవరు చూడగానే జనం ఆశపడి, విప్పాక నవ్వుకుంటారు.

పెళ్ళి రోజు ఒకటో తారీఖు కూడా. ఒకటో తారీఖంటే కవర్లన్నీ బల్ల మీదికి దిగే రోజు. ఒకపక్క ముహూర్తానికి టైమైపోతోందని అత్తయ్యగారు చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. నేను ఎడారి కవరు మరోసారి లెక్కపెట్టుకుని, మురిసిపోయి, పక్కన పెట్టాను. తరవాత పెళ్ళి కవరుకి బంక రాసి అంటించి మా ఆయన చేతిలో పెట్టాను. ఆయన రైల్లో మోకాలి మీద పెట్టుకుని దాని మీద తన పేరు, ఇంటిపేరు, డిపో పేరు చక్కగా రాశాడు. లావుగా ఉందని ఇద్దరిలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

పెళ్ళి ఫంక్షన్ హాల్లో. చదివింపుల బల్ల గుమ్మం దగ్గరే వేశారు. పెళ్ళికూతురి పెద్ద మావయ్య, రిటైరైన మాస్టారు, పుస్తకం, పెన్నూ, మైకూ పెట్టుకుని కూర్చున్నారు. కవరు విప్పడం, లెక్కపెట్టడం, పుస్తకంలో రాయడం, మైకులో చదవడం. ఫలానా వారు ఐదు వందల పదహార్లు, ఫలానా వారు రెండు వందల పదహార్లు. మేం కవరిచ్చేసి, పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ దీవించి, రెండో బంతిలో భోజనానికి కూర్చున్నాం. పనసపొట్టు కూర అద్భుతంగా కుదిరింది. నేను మారు వేయించుకుంటుంటే మైకులో మా ఆయన పేరు వినిపించింది.

"...గారు, ముప్పై ఒక్క వెయ్యి ఐదు వందల ఒక్క రూపాయి" అన్నారు మాస్టారు. తరవాత తనకే నమ్మకం లేనట్టు ఇంకోసారి చదివారు.

మా ఆయన చేతిలో ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. అత్తయ్యగారు నా వైపు వంగి, "మన ఇంటిపేరుతో ఇంకెవరైనా ఉన్నారా ఈ ఊళ్ళో?" అని అడిగింది.

"లోపల చీటీ కూడా ఉందండి" అన్నారు మాస్టారు. జీవితమంతా పిల్లల చేత పాఠాలు పైకి చదివించినాయన, ఒక్క అక్షరం వదలకుండా చదివారు. "ఎడారి. ఇందులో చెయ్యి పెట్టినవాళ్ళ సంగతి చూస్తాను."

మాస్టారే సర్దుకుని, "ఎడారి సంగతి నాకు తెలీదు గాని, ఇది అమ్మాయి సొమ్మనీ, అల్లుడుగారు దీని జోలికి వెళ్ళకూడదనీ కండక్టరుగారి హెచ్చరికండి" అని వివరించారు. జనం చప్పట్లు కొట్టారు. పెళ్ళికొడుకు పీటల మీంచే మా ఆయనకి దణ్ణం పెట్టాడు.

పెళ్ళికూతురి తండ్రి, మా డ్రైవరుగారు, బంతుల మధ్యలోంచి పరిగెత్తుకొచ్చారు. మా ఆయన ఎంగిలి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని "బావా" అన్నారు. కళ్ళు నిండిపోయాయి.

అప్పుడు నేను చెప్పాల్సింది. కవరు మారిపోయిందన్నయ్యగారూ అంటే సరిపోయేది. నోరు తెరిచాను కూడా. ఈలోపు వడ్డించే అతను "అమ్మగారికి వెయ్యండి" అంటూ నా ఆకులో రెండు మడత కాజాలు వేశాడు. ఇంకొకడు నెయ్యి తెచ్చాడు. పక్క వరసలో పట్టుచీర కట్టుకున్నావిడ లేచొచ్చి మాది ఏ ఊరని అడిగింది. ఎన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళాను, ఇలా ఎవరన్నా నా ఆకు వైపు చూశారా? నిజం చెప్తున్నాను, నాకు పిచ్చి సంతోషం వేసింది. ముప్పై వేలు పోయాయని తెలుస్తూనే ఉంది, మొహం మాత్రం వెలిగిపోతోంది. కాజా కొరికాను. మాట లోపలే ఉండిపోయింది.

తరవాత మమ్మల్ని స్టేజీ మీదికి పిలిచి సోఫాలో కూర్చోబెట్టి ఫొటో తీశారు. ఆ ఫొటోలో నేను ఎమ్మెల్యే గారి భార్యలా ఉన్నాను.

తిరుగు రైల్లో బిక్కవోలు దాటాక అత్తయ్యగారు వేళ్ళు లెక్కపెట్టి, "నువ్వు ఆరు కాజాలు తిన్నావు. ఒక్కోటీ ఐదు వేలు పడింది" అంది. మా ఆయన ముందు పకపకా నవ్వాడు. తరవాత నేను. ద్వారపూడి వచ్చేసరికి ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వుతున్నాం, ఎదుటి సీటువాళ్ళు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు.

ఇంటికొచ్చి బల్ల మీద మిగిలిన కవరు విప్పాను. ఇరవైలూ పదులూ జారిపడ్డాయి. అప్పుడు ఏడ్చాను. రెండేళ్ళు నడిచిన నడకంతా కాళ్ళలోకి ఒక్కసారే వచ్చినట్టయి, అక్కడే నేల మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. మా వైపు చదివించింది వెనక్కి అడగడమన్నది లేదు. అవతలివాళ్ళు మన ఇంట్లో శుభకార్యానికి దానికి కాస్త కలిపి చదివిస్తారు, అంతే. మా ఇంట్లో శుభకార్యమంటే అమ్మాయి చదువైపోవాలి, ఉద్యోగం రావాలి, ఎవరో ఒకడు దానికి నచ్చాలి. అప్పటికి నేను కర్ర పట్టుకుని ఎడారికి వెళ్ళాలి.

తొమ్మిదో రోజున డ్రైవరుగారూ, భార్యా మా ఇంటికి వచ్చారు. సారె తెచ్చారు, నాకు చీర తెచ్చారు. ఆవిడ బొట్టు పెట్టింది. ఆయన మాత్రం కాఫీ గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నారు.

"చెల్లెమ్మా, అది పొరపాటున వచ్చిందని నాకప్పుడే తెలుసమ్మా" అన్నారు చివరికి. "బావ జీతమెంతో నాకు తెలీదా? నీ రాత కూడా తెలుసు. పదకొండేళ్ళు బావ క్యారేజీ మీద నువ్వంటించిన చీటీలు చూశాను. మైకు దగ్గరికెళ్ళి ఆపొచ్చు. ఆపలేదు. అప్పుడే వంటాయనొచ్చి, మిగతా డబ్బు చేతిలో పెడితే గాని మూడో బంతికి వడ్డన లేదన్నాడు. మగపెళ్ళివారు సగంమంది ఇంకా తినలేదు. నీ డబ్బే తీసిచ్చానమ్మా."

అందరూ నా వైపే చూస్తున్నారు. నేనేమనాలో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. పర్లేదు లెండి అన్నయ్యగారూ, మన అమ్మాయి పెళ్ళేగా అనాలి. పుట్టినప్పటినించీ ఆ మాట నా నాలుక చివర సిద్ధంగానే ఉంటుంది. చెల్లెలికి నా కొత్త పరికిణీ ఇచ్చేసినప్పుడు పర్లేదన్నాను. డిగ్రీ మధ్యలో పెళ్ళి చేసేస్తుంటే పర్లేదన్నాను. నర్సరీలో ఐదేళ్ళు జీతం పెంచకపోతే పర్లేదన్నాను. ఆ రోజు ఆ మాట గొంతుదాకా వచ్చింది. వచ్చి, అక్కడే ఆగిపోయింది.

"నాకా డబ్బు కావాలన్నయ్యగారూ. నెలకెంత ఇవ్వగలరు?" అన్నాను.

అత్తయ్యగారి చేతిలో పళ్ళెం చప్పుడైంది. మా ఆయన సీలింగు వైపు చూశాడు. నా చెవులు వేడెక్కిపోయాయి, అయినా మాట వెనక్కి తీసుకోలేదు. "అందులో వెయ్యి నూట పదహార్లు అమ్మాయివి. అవి మేం చదివించినవే. అవి పోగా ముప్పై వేల మూడు వందల ఎనభై ఐదు" అన్నాను. బిల్లులు రాసే చెయ్యి కదా, లెక్క ఆ తొమ్మిది రోజులూ నోట్లో నానుతూనే ఉంది.

డ్రైవరుగారు నా మొహం చూసి, కాఫీ గ్లాసు కింద పెట్టి, నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. "ఆయ్, రెండు వేలమ్మా. నెలకి రెండు వేలిస్తాను" అన్నారు. "తొమ్మిది రోజులనించీ అన్నం సయించట్లేదు. నువ్వు పర్లేదంటావేమోనని భయపడిపోయాను. అనుంటే మళ్ళీ ఈ గుమ్మం ఎక్కగలిగేవాణ్ణా? బావ మొహం చూడగలిగేవాణ్ణా?" ఆయన భార్య అప్పటికే పర్సులోంచి నాలుగు ఐదువందల నోట్లు తీసి బల్ల మీద పెట్టింది. ఇంటి దగ్గర్నించి తెచ్చుకునే వచ్చారు. ఆ తరవాత ఆయన చల్లారిపోయిన కాఫీ తాగి ఇంకో కాఫీ అడిగారు.

వాళ్ళు వెళ్ళాక అత్తయ్యగారు, "చదివించింది వెనక్కడగడం మా వంశంలో లేదమ్మాయ్" అంది.

"ఎడారికి వెళ్ళడం కూడా లేదు కదండీ మీ వంశంలో" అన్నాను. ఆవిడ కోపంగా చూడబోయి నవ్వేసింది. నేను వంటింట్లోకి వెళ్ళి, తలుపు వేసుకుని, ఒక్కదాన్నే గిరగిరా తిరిగాను. నలభై ఆరేళ్ళకి, నాకోసం ఒక అంకె చెప్పి, నోరు తెరిచి అడిగాను. అడిగితే ఆకాశం ఊడిపడలేదు. ఒక మనిషికి అన్నం సయించింది.

ప్రతి నెలా మొదటి వారంలో ఆయన డ్యూటీ అయ్యాక వచ్చి రెండు వేలిచ్చి, కాఫీ తాగి వెళ్ళేవారు. ఒకే ఒక్కసారి, శ్రావణ మాసంలో, అల్లుడికి బట్టలూ అమ్మాయికి నోముల ఖర్చూ కలిసొచ్చి పన్నెండు వందలే తెచ్చారు. మిగతా ఎనిమిది వందలు రెండు వారాల తరవాత, వర్షంలో తడుచుకుంటూ వచ్చి ఇచ్చారు. నేను వద్దనలేదు, తుండుగుడ్డ ఇచ్చాను. ఈ మధ్యలో అత్తయ్యగారి విమానం నా ఎడారిని దాటేసి మధురపూడి ఎయిర్‌పోర్టు నించి ఎగిరిపోయింది. అందులో ఇచ్చిన చిన్న నీళ్ళ సీసా ఆవిడ ఇంకా పారెయ్యలేదు. మా ఆయన కుర్చీ ఇంకా కవర్లోనే ఉంది, పాపం.

పదహారో నెలలో మూడు వందల ఎనభై ఐదు కూడా లెక్కగా ఇచ్చారు. మేమిద్దరం రైలెక్కాం. రెండు రాత్రులు, మూడు రైళ్ళు. జైసల్మేర్ దాటాక జీపులో తీసుకెళ్ళి ఇసుక తిన్నెల దగ్గర దింపారు. నేను చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నాలుగువైపులా తిరిగి చూశాను. పంతొమ్మిదేళ్ళ అలసట కళ్ళలోంచి దిగిపోయింది. పరిగెత్తాను, పడ్డాను, చీరనిండా ఇసుకతో లేచి మళ్ళీ పరిగెత్తాను. మా ఆయన ఫొటో తీద్దామనుకుని నవ్వలేక ఫోన్ కింద పడేశాడు.

ఒంటె ఎక్కాను. అది లేచేటప్పుడు వెనక కాళ్ళొకసారీ ముందు కాళ్ళొకసారీ లేస్తుంటే ప్రాణం పైకొచ్చి కిందికెళ్ళింది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. డ్రైవరుగారు, సామర్లకోట నించి.

"ఎక్కడున్నావు చెల్లెమ్మా?"

"ఒంటె మీదున్నానన్నయ్యగారూ."

"అది ఏ నెల డబ్బుతోనమ్మా?" అని అడిగారు. ఆయన గొంతులో కుతూహలం చూస్తే, ఆయనా ఇక్కడే ఎక్కడో ఇసుకలో నిలబడి ఉన్నట్టు అనిపించింది.

నేను ఒక చేత్తో జీను పట్టుకుని ఆలోచించాను. "శ్రావణ మాసంది" అన్నాను.

ఆయన గొంతు సవరించుకున్నారు.

"అది చాలా కష్టం మీద కట్టానమ్మా" అన్నారు. "గట్టిగా పట్టుకుని కూర్చో. అప్పుడే దిగకు."